నాయనకు ఇమ్యూనోథెరపీ ఇప్పించిన అనుభవం

మా నాయనకు అరవై రెండేళ్ళు. ఎమ్మిగనూరు దగ్గర మా ఊరు. పత్తి, శనక్కాయ వేసుకొని బతికే కుటుంబం. ఆకు, వక్క, సున్నంతో పాటు కడ్డి పొగాకు నమలడం ఆయనకు కుర్రతనం నుంచీ అలవాటు. ఎడమ బుగ్గ లోపల పుండు లేచి ఎంతకీ మానకపోతే బయాప్సీ చేయించినాం, క్యాన్సర్ అని వచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి బుగ్గ, దవడ ఎముక కొంత తీసేసి, ఛాతీ మీది కండ తెచ్చి ఆ చోట కుట్టినారు. తర్వాత కర్నూల్లో కరెంటు (రేడియేషన్) పెట్టించినాం. దాంతో పాటే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించినారు. అదంతా ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీదే జరిగిపోయింది. ఆ దశ గురించి చెప్పేవాళ్ళు మన చుట్టుపక్కల ఊర్లలో చాలామందే ఉన్నారు కాబట్టి ఎక్కువ రాయను. రోగం తిరగబెట్టిన తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్ళే మాకు దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నా.

కరెంటు అయిపోయి ఏడాది తిరగకముందే మెడకు ఎడమ పక్క గడ్డ తేలింది. సూది పెట్టి పరీక్ష చేస్తే పాత రోగమేనన్నారు. స్కానింగ్‌లో ఊపిరితిత్తుల్లో కూడా చిన్న చిన్న మచ్చలు కనిపించినాయి. ఇంక కోసి తీయడానికి లేదు, అదే చోట మళ్ళీ కరెంటు పెట్టడానికీ లేదు. ఒక పెద్ద నగరానికి తీసుకుపోయి చూపిస్తే, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ (మన ఒంట్లోని తెల్లకణాలతోనే క్యాన్సర్ మీద కొట్లాడించే వైద్యం) ఇంజెక్షన్ మూడు వారాలకొకసారి ఇవ్వాలని, ఒక్కో విడతకు లక్షల్లో అవుతుందని, పనిచేస్తే రెండేళ్ళ దాకా సాగుతుందని చెప్పినారు. కార్డు దానికి పనికిరాలేదు. మా అన్న ఆ రాత్రి లాడ్జిలోనే ఫోన్ తీసి రోడ్డు పక్క చేనుకు బేరం మాట్లాడడం మొదలుపెట్టినాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి నాయన మాట ముద్దముద్దగా వస్తుంది, బయటివాళ్ళకు అర్థం కాదు. ఆ రాత్రి మాత్రం ఆయన ఒక్కో మాట ఆపి ఆపి, స్పష్టంగా పలికినాడు. "సేను అమ్మొద్దు. దాన్ని అమ్మి నన్ను బతికిచ్చి, మీరేం తింటారు? ఇంకో దావ ఏమన్నా ఉంటే సూడండి. లేదంటే ఇంటికి పోదాం."

ఇంకో దావ కర్నూల్లోనే దొరికింది. కరెంటు పెట్టినప్పుడు చూసిన ఆసుపత్రిలోనే మెడికల్ ఆంకాలజీ డాక్టరమ్మ ఒకరు ఉన్నారు. ఫైలు పట్టుకొని ఆమె దగ్గరికి పోయినాం. ఆమె నాతోనో అన్నతోనో కాకుండా నేరుగా నాయనతో మాట్లాడినారు. "పెద్దాయనా, ముందే చెప్తున్నా. ఈ ఇమ్యూనోథెరపీ మందుతో రోగం మొత్తం పోతుందని నేను మాట ఇవ్వలేను. కొందరికి గడ్డ తగ్గుతుంది, కొందరికి పెరగకుండా ఆగుతుంది, కొందరికి అసలు పట్టదు. పట్టినవాళ్ళలో కొందరికి మాత్రం చాలాకాలం నిలుస్తుంది" అన్నారు.

తర్వాత అది ఎట్లా పనిచేస్తుందో చెప్పినారు. మన రక్తంలో రోగంతో కొట్లాడే తెల్లకణాలు ఉంటాయి. వాటిలో టీ కణాల మీద పీడీ-1 అనే ఒక పదార్థం ఉంటుంది. ఆ కణాలు మన ఒంటినే తినేయకుండా శరీరం పెట్టుకున్న అడ్డు అది. క్యాన్సర్ కణం దాన్ని కనిపెట్టి, తన మీద పీడీ-ఎల్1 అనే ఇంకో పదార్థాన్ని పెట్టుకొని టీ కణాన్ని నోరు మూయిస్తుంది. నాయన ఇదంతా విని, "అంటే నూర్పిడప్పుడు ఎద్దు మూతికి సిక్కం కట్టినట్లా?" అని అడిగినాడు. డాక్టరమ్మ ఆయన మాట అర్థం కాక నా వైపు చూసినారు. నేను చెప్పినా. "అంతే. ఈ మందు ఆ చిక్కం విప్పుతుంది" అన్నారు. నాయన వెంటనే, "విప్పితే ఎద్దు మన గింజలు గూడ తింటాది గదమ్మా?" అన్నాడు. ఆమె పెన్ను పక్కన పెట్టి, ఇన్నేళ్ళలో సైడ్ ఎఫెక్టుల గురించి ఇంత సరిగ్గా అడిగినవాళ్ళు లేరని అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ఈ వైద్యం గురించి ఎవరు మాట్లాడినా ఆ ఎద్దు, ఆ చిక్కమే.

పీడీ-1ను 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం కనిపెట్టింది. ఈ అడ్డు తీసే వైద్యానికి దారి చూపినందుకు ఆయనకూ, అమెరికాకు చెందిన జేమ్స్ ఆలిసన్‌కూ 2018లో నోబెల్ ఇచ్చినారు. తల, మెడ క్యాన్సర్‌కు (నోటి క్యాన్సర్ కూడా ఇందులోదే) ఇది పనిచేస్తుందని 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. సిస్‌ప్లాటిన్ లాంటి మందు వాడినా రోగం ఆగని 361 మందిలో కొందరికి పెంబ్రోలిజుమాబ్ లాంటిదే అయిన నివోలుమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చినారు, మిగతావాళ్ళకు మామూలు మందులు ఇచ్చినారు. ఏడాది తర్వాత చూస్తే నివోలుమాబ్ తీసుకున్నవాళ్ళలో నూటికి ముప్పై ఆరు మంది బతికి ఉన్నారు, రెండోవైపు పదిహేడు మంది కూడా లేరు.

మాకు దారి చూపించింది మాత్రం ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళ అధ్యయనం. మన దేశంలో పూర్తి డోసు కొనగలిగేవాళ్ళు ఎంతమంది అన్న ప్రశ్న నుంచే అది పుట్టిందని డాక్టరమ్మ చెప్పినారు. ఆ అధ్యయనంలో రోగులకు మూడు మాత్రల వైద్యం పెట్టినారు: వారానికొకసారి మెథోట్రెక్సేట్, రోజూ ఎర్లోటినిబ్, రోజుకు రెండుసార్లు సెలెకాక్సిబ్. సగం మందికి ఇవి మాత్రమే ఇచ్చినారు. తక్కిన సగం మందికి వీటితో పాటు మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చినారు. మామూలుగా ఇచ్చే డోసు రెండు వారాలకొకసారి 240 మిల్లీగ్రాములు. ఎంత తేడానో చూడండి. మొత్తం 151 మంది. మాత్రలు మాత్రమే వేసుకున్నవాళ్ళలో ఏడాదికి నూటికి పదహారు మంది మిగిలినారు, ఇంజెక్షన్ కలిపినవాళ్ళలో నలభై మూడు మంది.

అన్నకు అనుమానం వచ్చింది. "తక్కువ డోసు అంటే తక్కువ పనే కదా మేడమ్?" అని అడిగినాడు. ఆమె దాచలేదు. ఆ అధ్యయనంలో తక్కువ డోసును పోల్చింది పూర్తి డోసుతో కాదు, ఇంజెక్షనే లేని వైద్యంతో. కాబట్టి రెండూ సమానమని ఆ లెక్కలు పట్టుకొని చెప్పకూడదు. కానీ తొలి దశ పరిశోధనల్లోనే ఒక సంగతి తేలింది. ఈ మందు టీ కణాల మీద పట్టుకునే చోట్లు చాలా చిన్న డోసుకే నిండిపోతాయి, డోసు పెంచినంత మాత్రాన అవి అదే లెక్కన పెరగవు. ఆ మాటకు అన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఈ అంకెలు చేను బేరానికి ముందే మాకు ఎవరైనా చెప్పి ఉండాల్సిందని నేను గట్టిగా నమ్ముతాను. నూటికి నలభై మూడు అంటే మిగతా యాభై ఏడు మంది కూడా మనుషులే, వాళ్ళ వెనక కూడా కుటుంబాలు ఉంటాయి. ఆ మాట తెలిసి వైద్యం మొదలుపెట్టడం వేరు, "లేటెస్ట్ మందు ఉంది, పెట్టుకోండి" అన్న మాట విని మొదలుపెట్టడం వేరు.

నాయనకు ఆ మూడు మాత్రలు, తక్కువ డోసు నివోలుమాబ్ మొదలుపెట్టే ముందు చాలా పరీక్షలు చేసినారు. రక్తం, లివరు, కిడ్నీ, షుగరు ఎట్లాగూ ఉంటాయి. వాటితో పాటు థైరాయిడ్, కార్టిసాల్ (ఒంట్లో ఊరే ఒక హార్మోన్), కామెర్ల వైరస్‌లు కూడా చూసినారు. కీళ్ళవాతం, సోరియాసిస్ లాంటివి ఏమైనా ఉన్నాయా అని గుచ్చి గుచ్చి అడిగినారు. తెల్లకణాలు ముందే ఒంటి మీద తిరగబడి ఉన్నవాళ్ళకు ఈ మందు అంత సులువు కాదు. పీడీ-ఎల్1 పరీక్షకు హైదరాబాదు నుంచి బయాప్సీ బ్లాకు తెప్పించినాం. అది మైనంలో ముంచి దాచిన ముక్క. ఆపరేషన్ చేసిన చోట అడిగితే ఇస్తారు, అయితే అడగాలని మనకు తెలియాలి. ఆ పరీక్షలో వచ్చే సీపీఎస్ అంకె ఎక్కువ ఉంటే ఈ మందు పట్టే అవకాశం కొంత ఎక్కువ. మా నాయనకు మధ్యస్థంగా వచ్చింది.

ఇంక సీసా సంగతి. నివోలుమాబ్ చిన్న సీసా 40 మిల్లీగ్రాములది. మాకు కావలసింది 20. సీసా ఒకసారి తెరిస్తే దాచుకొని మూడు వారాల తర్వాత వాడే మందు కాదు. అందుకని ఇద్దరు రోగులను ఒకే రోజు పిలిచి ఒక సీసా చెరి సగం ఎక్కిస్తారు, ఖర్చు కూడా చెరి సగం. నంద్యాల వైపు నుంచి వచ్చే ఒకాయనను మాకు జత చేసినారు. లారీ డ్రైవరు, నలభై కూడా దాటలేదు, నాలుక క్యాన్సర్. ఆయన భార్యను నేను వదినా అనేదాన్ని. ఒకరికి జ్వరమొచ్చి రాలేకపోతే రెండోవాళ్ళ ఇంజెక్షన్ కూడా ఆగిపోతుంది కాబట్టి, తారీఖు దగ్గరపడేకొద్దీ వదిన, నేను రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. "అన్నకు బాగుందా? రక్త పరీక్ష చేయించినారా?" అని. రక్తసంబంధం లేని మనిషి ప్లేట్‌లెట్ లెక్క కోసం నేను దేవుణ్ణి మొక్కుకున్నాను.

మందు కొనేటప్పుడు జాగ్రత్త. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు, క్యాన్సర్ మందుల ఖాళీ సీసాలు పోగుచేసి నకిలీ మందు నింపి అమ్మే ముఠాను పట్టుకున్నారు. వాళ్ళు వాడిన సీసాల్లో ఈ ఇమ్యూనోథెరపీ మందులవి కూడా ఉన్నాయి. అందుకని మేము బిల్లు లేకుండా ఎప్పుడూ తీసుకోలేదు. ఐసు డబ్బాలో వచ్చిందా, సీలు సరిగ్గా ఉందా, బిల్లు మీది బ్యాచ్ నంబరూ సీసా మీదిదీ ఒకటేనా అని చూసేవాళ్ళం. ఎక్కించిన తర్వాత నర్సమ్మ ఖాళీ సీసా మీది లేబుల్ మా ముందే గీకేసేది.

ఇంజెక్షన్ రోజు ఎట్లుంటుందో చెప్పాలంటే పెద్దగా ఏమీ ఉండదు. తెల్లవారుజామున ఎమ్మిగనూరులో బస్సెక్కితే గోనెగండ్ల, కోడుమూరు మీదుగా పొద్దున్నే కర్నూలు చేరిపోతాం. రక్తం ఇచ్చి, రిపోర్టు వచ్చేదాకా కూర్చొని, డే కేర్‌లో మంచం దొరికినాక అరగంట సెలైన్‌లో మందు పోతుంది. సిస్‌ప్లాటిన్ అప్పుడు చూసిన వాంతులు లేవు, జుట్టు రాలలేదు. అమ్మకు మొదటిసారి ఇదే నమ్మబుద్ధి కాలేదు. "ఇంతేనా? ఇంత దుడ్డు పోసింది ఈ అరగంటకేనా?" అంది. మా ఇంటి దేవుడు ఉరుకుంద ఈరన్న స్వామికి ఆమె మొక్కు మొక్కింది కూడా ఆ సాయంత్రమే.

అసలు పని ఇంట్లో. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆ మాత్రలు విడిగా నా దగ్గరే పెట్టుకొని, ఆ రోజు ఒక్కటే అమ్మ చేతికి ఇచ్చేదాన్ని. ఎర్లోటినిబ్ ఖాళీ కడుపుతో వేసుకోవాలి. నాయనకు ఎప్పటి నుంచో ఉన్న గ్యాస్ మాత్రను డాక్టరమ్మ మాన్పించినారు, అది వేసుకుంటే ఎర్లోటినిబ్ ఒంటికి సరిగ్గా పట్టదట. మొదటి నెలలోనే ముఖం నిండా, ఛాతీ మీద మొటిమల్లాగా లేచినాయి. ఊర్లో చూసినవాళ్ళు అమ్మవారు పోసిందని దూరం జరిగినారు. అది ఎర్లోటినిబ్ పని. ఎండలోకి పోకుండా, పూత రాసుకుంటూ, యాంటీబయాటిక్ మాత్ర వాడితే నెమ్మదించింది.

మెడ గడ్డ పగిలి పుండైంది. ఆ వాసనకు నాయన మనవళ్ళను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నొప్పి కంటే ఆయనను ఎక్కువ బాధపెట్టింది అదే. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి, కట్టు కట్టేటప్పుడు పుండు మీద చల్లమని డాక్టరమ్మ చెప్పినారు. వారం లోపలే వాసన తగ్గింది. ఎంతో ఖరీదైన వైద్యం నడుస్తున్న ఇంట్లో, ఆయనను మళ్ళీ పిల్లల మధ్య కూర్చోబెట్టింది ఈ చవక మాత్ర. నొప్పికి మార్ఫిన్ ఇచ్చినారు. అమ్మ భయపడింది, అలవాటు పడిపోతాడేమోనని. డాక్టరు చెప్పిన లెక్కన వాడితే క్యాన్సర్ నొప్పికి అది సరైన మందు, ఆయన రాత్రి నిద్రపోగలిగినాడు. తిండి మాత్రం కష్టమే. నోరు రెండు వేళ్ళు పట్టేంతే తెరుచుకుంటుంది. రాగి జావ, పప్పుచారులో పిసికిన సంగటి, పాలలో నానబెట్టిన జొన్నరొట్టె, మెత్తగా నలిపిన గుడ్డు. బరువు తగ్గకుండా చూడడమే సగం వైద్యమని అక్కడి నర్సమ్మ ప్రతిసారీ అనేది.

ఎద్దు మన గింజలు తినడం నాలుగో నెల దాటినాక మొదలైంది. విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు ఐదారుసార్లు, జిగటతో. ఎర్లోటినిబ్‌కు కూడా విరేచనాలు అవుతాయి, కాబట్టి మొదట అదే అనుకున్నాం. ఊర్లో అయితే ఆర్ఎంపీ దగ్గరికి పోయి ఒక సూది, విరేచనాలు కట్టే మాత్ర తెచ్చుకోవడం మామూలు. మొదటి ఇంజెక్షన్ రోజే డాక్టరమ్మ చెప్పిన మాట ప్రకారం నేను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి నాయన చొక్కా జేబులో పెట్టినా: "ఈయన నివోలుమాబ్ ఇమ్యూనోథెరపీలో ఉన్నారు. విరేచనాలు, దగ్గు, ఆయాసం, కామెర్లు, ఎక్కువ నీరసం ఏది వచ్చినా ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి. అడగకుండా స్టెరాయిడ్ ఇవ్వొద్దు." మా ఊరి ఆర్ఎంపీ ఆ కాగితం చదివి సూది పక్కన పెట్టి, అక్కడి నుంచే ఆ నంబరుకు ఫోన్ చేసినాడు. ఆయనకు మేము జీవితాంతం రుణపడి ఉంటాం.

ఎర్లోటినిబ్ ఆపించి, మలం పరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ లేదని తేలినాక అది పేగుల మీద తెల్లకణాల దాడేనని చెప్పినారు. దానికి మందు స్టెరాయిడే. ఆర్ఎంపీని ఇవ్వొద్దని ఆపిన స్టెరాయిడే మళ్ళీ మందు అయ్యేసరికి అన్న అయోమయపడినాడు. తేడా ఏమిటంటే, ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది లెక్క కట్టి ఇవ్వాలి. అవసరం లేనప్పుడు ఇస్తే ఇంజెక్షన్ పని తగ్గవచ్చు, అవసరమైనప్పుడు ఇవ్వకపోతే పేగుకు చిల్లు పడే దాకా పోవచ్చు. బరువును బట్టి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించినారు. రోజుకు పది మిల్లీగ్రాములకు దిగి, కడుపు కుదుటపడిన తర్వాతే మళ్ళీ ఇంజెక్షన్. మెడ గడ్డ సగానికి తగ్గిందని, ఊపిరితిత్తుల మచ్చలు పెరగలేదని స్కానింగ్‌లో వచ్చింది ఆ మధ్యలోనే. రిపోర్టు అర్థం కాకపోయినా నాయన దాన్ని నా చేతిలో నుంచి తీసుకొని చాలాసేపు పట్టుకున్నాడు.

తర్వాత ఇంకొకటి. నాయన పగలంతా నిద్ర, ఎండాకాలంలో దుప్పటి, మాట మరీ మందం. రోగం ముదిరిందని అమ్మ లోపల్లోపల ఏడ్చేది. రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంది, థైరాయిడ్ దెబ్బతిన్నది. పొద్దున్నే పరగడుపున ఒక థైరాయిడ్ మాత్రతో కొన్ని వారాల్లో మనిషి లేచి తిరిగినాడు. ఇది బహుశా జీవితాంతం వేసుకోవాల్సిన మాత్ర. ఇమ్యూనోథెరపీలో ఉన్న మనిషి నీరసపడితే రోగం అనుకొని వదిలేయకండి, థైరాయిడ్, కార్టిసాల్ చూపించమని అడగండి.

నంద్యాల అన్నకు మందు పట్టలేదు. అదే సీసాలో సగం ఆయన ఒంట్లోకి, సగం మా నాయన ఒంట్లోకి పోయింది. ఆయన గడ్డ మొదటి స్కానింగ్‌కే పెరిగింది, రెండో స్కానింగ్ దాకా ఆయన నిలవలేదు. ఎందుకని డాక్టరమ్మను అడిగినా. ఎవరికి పడుతుందో ముందే ఖాయంగా చెప్పే పరీక్ష లేదని అన్నారు. వదినకు ఫోన్ చేయడానికి నాకు నోరు రాలేదు. ఆమే చేసింది. "నాయనకు ఇంకెవరినన్నా జత చూసినారా పాపా? తారీఖు తప్పనీయొద్దు" అని అడిగింది. ఆసుపత్రి వాళ్ళు కడప వైపు నుంచి వచ్చే ఒకామెను జత చేసినారు. వదిన ఇప్పటికీ ఫోన్ చేస్తుంది.

కొత్తగా రోగం బయటపడి, ఇంకా ఆపరేషన్ కాని వాళ్ళకు ఒక మాట. 2025లో కొందరు తల, మెడ క్యాన్సర్ రోగులకు ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కూడా పెంబ్రోలిజుమాబ్ ఇచ్చే పద్ధతికి అమెరికాలో అనుమతి వచ్చింది. మీ డాక్టరును దాని గురించి ఆపరేషన్‌కు ముందే అడగండి, తర్వాత అడిగితే ఆ అవకాశం దాటిపోతుంది.

నాయన వైద్యం ఇంకా నడుస్తోంది. ఎర్లోటినిబ్ తక్కువ డోసులో మళ్ళీ మొదలైంది. పోయినసారి డాక్టరమ్మ, ఈ మందు పనిచేయడం ఆగిపోతే ఏం కావాలని నాయనను అడిగినారు. గొట్టాలు, వెంటిలేటరు వద్దని, నొప్పి లేకుండా ఇంట్లోనే ఉంచమని ఆయన చెప్పినాడు. ఆమె అది ఫైల్లో రాసి, మార్ఫిన్ ఇంటి దగ్గర ఎట్లా సర్దుబాటు చేయాలో అమ్మకు, నాకు కూర్చోబెట్టి నేర్పినారు. అన్న ఆ గదిలో కూర్చోలేక బయటికి పోయినాడు. నాయన మాత్రం అడగాల్సినవన్నీ అడిగి, ఈ ఏడు పత్తి వేయాలా, శనక్కాయ వేయాలా అని బస్సులో అన్నతో వాదన పెట్టుకున్నాడు.